మస్తానయ్య రైలు ఛార్జీ తగ్గించిన విధం

చిల్లకూరులో హైవే పక్కనుండే పెంచల్ టీ బంకు దగ్గర ఎవరూ సలహా అడగకూడదు. అడిగితే జవాబు మస్తానయ్య చెప్తాడు. ముప్పై ఏళ్ళు రైస్ మిల్లులో కాటా దగ్గర బస్తాలు తూచి ఇంటికొచ్చిన మనిషి. తూకంలో గుప్పెడు గింజల తేడా కూడా రానిచ్చేవాడు కాదని పేరు. ఆ నిష్ఠనంతా కాటా దగ్గరే వదిలేసి వచ్చాడు.

ఈ సంగతి తెలిసి కూడా భానుప్రియ ఆ పొద్దున అడిగేసింది. ఆమె తొందర ఆమెది. చెన్నైలో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని దొరికింది, వారానికి మూడు రోజులు. పెళ్ళికి ముందు రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని, పెళ్ళయ్యాక మూడేళ్ళుగా చేతికి అందని పని. పదకొండు లోపల ఫోన్ చేసి చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఇంట్లో అత్త రాఘవమ్మ మాత్రం "జీతమంతా రైలోళ్ళ చేతిలో పోసేదానికి నువ్వు పొయ్యేదెందుకు?" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట తప్పని చెప్పే దారి కావాలి భానుప్రియకి. పాలపొట్లం కోసం వచ్చినదల్లా ఆగి, "పెంచలన్నా, గూడూరు నుంచి చెన్నైకి తక్కువలో పొయ్యే దారేమన్నా ఉందా?" అంది. అప్పటికి పదిన్నర కావస్తోంది.

పెంచల్ నోరు తెరిచేలోపలే బల్ల మీద మస్తానయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఆ మాట నన్నడుగు పాపా. మిల్లు పనిమీద నేను వారానికి రెండు రోజులు చెన్నైకి పోతా ఉన్నప్పుడు మొదటి నెలలోనే ఒకటి కనిపెట్టినాను. అంత దూరానికి ఒకటే టికెట్టు ఎందుకు కొనాల? గూడూరు నుంచి నాయుడుపేటకి ఒకటి, నాయుడుపేట నుంచి సూళ్లూరుపేటకి ఒకటి, ఆడినుంచి చెన్నై లోకల్ బండికి ఒకటి. మూడు ముక్కలు చేస్తే నాలుగు రూపాయలు మిగిలినాయి."

ఇది నిజమేనేమో అనిపించింది భానుప్రియకి. సంచిలోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. ఎదుటి మనిషి రాసుకుంటుంటే మస్తానయ్య ఇక ఆగుతాడా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు ముక్కలకే నాలుగు రూపాయలు మిగిలితే ముప్పై ముక్కలకి ఎంత మిగలాల? ఇంక ప్రతి స్టేషన్లో దిగేది, కౌంటరుకి పరిగెత్తేది, టికెట్టు తీసుకొని మళ్ళీ అదే పెట్టె ఎక్కేది. గార్డు పచ్చజెండా ఎత్తబొయ్యి నన్ను చూసి దించేసేవాడు. 'ఆగండయ్యా, మస్తానయ్య గారు ఇంకా చిల్లర తీసుకోలేదు' అని డ్రైవరుకి చెప్పేవాడు."

"బండి ఆగేది రెండు నిమిషాలే గదా మామా" అన్నాడు పెంచల్, టీ వడకడుతూ.

"అది మీకు రా. సరే, స్టేషన్లన్నీ అయిపోయినాయి, ఇంకేం ముక్కలు చేసేది? కరెంటు స్తంభాలు లెక్కపెట్టినాను. స్తంభానికీ స్తంభానికీ ఒక టికెట్టు ఇమ్మన్నాను. కౌంటర్లో అబ్బాయి మిషన్లో కొడితే మూడు పైసలని వచ్చింది. ఈ కాలంలో మూడు పైసలు ఎవురి దగ్గరుండాయి? వాడి దగ్గర చిల్లర లేదు, నా దగ్గర పైసలు లేవు. 'మీరు పోండి సార్' అని దండం పెట్టినాడు. అట్టా చెన్నై దాకా ఊరికే పొయ్యినాను."

భానుప్రియ పెన్ను మూసేసింది. ఈ మనిషిని నమ్మి అరచెయ్యి పాడుచేసుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది. "చిన్నాయనా, నాకు నిజంగా అవసరం. పదకొండుకి ఫోన్ చెయ్యాల" అంది.

"అందుకే గదా తొందరగా చెప్తా ఉండేది! ఊరికే పొయ్యేది ఒక గొప్పా? రైలోళ్ళే మనకి ఎదురియ్యాల. ఆలోచించినాను. మనిషిగా పోతే టికెట్టు, సరుకుగా పోతే తూకం. అంతే గదా? మిల్లు నుంచి గోతం ఒకటి తెచ్చుకొని దాంట్లో కూర్చొని, మూతి కుట్టించుకొని, పార్సిల్ ఆఫీసు కాటా ఎక్కినాను. తూకం సంగతి ఇంకొకరు నాకు చెప్పాలా? ఊపిరి బిగబట్టే పద్ధతి ఒకటుండాది, అది తెలిస్తే డెబ్భై కిలోల మనిషి ఇరవై కిలోలే తూగతాడు. ఏకాదశి ఉపవాసముంటే పన్నెండు. ఒకసారి వరసగా మూడు రోజులు పస్తుండి ఎక్కినాను చూడూ, ముల్లు సున్నా దాటి వెనక్కి పొయ్యింది. మైనస్ అయిదు కిలోలు! రూలు రూలే గదా, ఆఫీసరు లేచి నిలబడి అయిదు కిలోల డబ్బులు నా చేతికిచ్చినాడు."

"గోతంలో ఉంటివి గదా, చేతికెట్టిచ్చినాడు?" అన్నాడు పెంచల్.

"కుట్టులోంచి రెండు వేళ్ళు బయటపెట్టినాలే. మధ్యలో మాట్లాడతావేంది రా? ఆ తర్వాత ఏమైందో తెలుసా పాపా? ఆర్నెల్లకి పెద్దాఫీసరే పూలదండతో ఇంటికొచ్చినాడు. 'మస్తానయ్య గారూ, మీరిట్టే తిరిగితే మేము పట్టాలు అమ్ముకోవాల్సిందే. ఒక రైలు మీకే ఇచ్చేస్తాం, ఇంటి దగ్గర పెట్టుకోండి' అన్నాడు. వాకిట్లో బర్రెలు కట్టేస్తాం, రైలు యాడ పెట్టాల, నాకొద్దన్నాను. పోనీ ఇంజనైనా తోలండన్నాడు. మాట తీసెయ్యలేక తోలినాను. సూళ్లూరుపేట దాటినాక చూడాల ఆ అందం! రెండు పక్కలా పులికాట్ నీళ్ళు, మధ్యలో మన రైలు, ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడుండాయి. కూత వేస్తే ఒక్కటీ ఎగరలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి ఒకదాని వీపు నిమిరినాను."

అంతవరకు పక్కన ఖాళీ చేపలబుట్ట మీద కూర్చుని టీ తాగుతున్న చెంచమ్మ గ్లాసు కింద పెట్టింది. పులికాట్ ఒడ్డు పల్లె నుంచి వచ్చి ఊళ్ళో చేపలమ్ముకునే మనిషి.

"రెండు పక్కలా నీళ్ళేనా అన్నా?"

"రెండు పక్కలా!"

"ముందర రాకెట్లోళ్ళ చెక్‌పోస్టు కనపడిందా?"

"కనపడకుండా ఎట్టుంటాది? సెల్యూట్ కూడా కొట్టినారు."

"అది శ్రీహరికోట రోడ్డన్నా. మా పల్లె ఆ పక్కనే. ఆడ బస్సులు తిరగతాయి గానీ రైలు పట్టాలే లేవు. చెన్నై బండి తడ స్టేషన్ మీదగా పోతాది, నీళ్ళ మధ్యలో పోదు. వారానికి రెండుసార్లు పీతలు తీసుకొని దాంట్లోనే పోతా ఉంటాను గదా, నాకు తెలవదా?"

పెంచల్ నవ్వు ఆపుకోలేక టీ గిన్నె పక్కకి పెట్టేశాడు.

"ఆ పొద్దు నా కోసమని పట్టాలు అటు మళ్ళించినారు" అన్నాడు మస్తానయ్య. కానీ కాలు మీది కాలు అప్పటికే కిందికి దిగింది.

భానుప్రియ ఆ మాట వినిపించుకోలేదు. చెంచమ్మ పక్కన గొంతుకూర్చుంది. "నువ్వు చెన్నై పోతావా అక్కా? నేను వారానికి మూడు రోజులు పోవాల. టికెట్టెట్టా మరి?"

"సీజన్ టికెట్టమ్మా. నెలకి ఒకటే కొనేది. రోజూ పొయ్యేవాళ్ళకే అది అనుకుంటారు గానీ, నెలలో ఎనిమిది రోజులు పొయ్యే నాకే కలిసొస్తాది. నువ్వు పన్నెండు రోజులు పోతావు. గూడూరు నుంచైతే ఇస్తారు, నెల్లూరు నుంచైతే దూరమెక్కువని ఇయ్యరు. ఏయే బండ్లు ఎక్కచ్చో కౌంటర్లో అడిగి తెలుసుకో. రిజర్వేషన్ పెట్టెలెక్కితే మాత్రం ఫైనేస్తారు. ఇంతకన్నా ఏమీ లేదు."

ఎంతవుతుందో కూడా చెప్పింది. భానుప్రియ రెండో అరచేతిలో లెక్క వేసింది. రానూ పోనూ ఇరవై నాలుగు టికెట్లు. సీజన్ వాటిలో సగం కూడా లేదు. మళ్ళీ వేసింది. అంతే వచ్చింది. అత్త మాట తప్పని తేలేసరికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"సార్, భానుప్రియని. సోమవారం నుంచి వస్తున్నాను."

ఫోన్ పెట్టేసరికి మస్తానయ్య తేరుకున్నాడు. "చూసినావా పాపా? నేను కదిలించబట్టే గదా విషయం తేలింది. రైలు గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవురికీ తెలవదు."

భానుప్రియ పాలపొట్లం అందుకుంటూ అంది. "నిజమే చిన్నాయనా. సోమవారం నాతోపాటు మీరూ రండి, టికెట్టు నేనే కొంటాను. ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటాలే. మొదటిసారి రైలెక్కేటప్పుడు ఎవురికైనా భయంగానే ఉంటాది."