అప్‌డేట్ అయ్యేదాకా నోరు మూయకు

చూశావా, మళ్ళీ ముప్ఫై దగ్గరే ఆగింది! ఇందాక ముప్ఫై అయిదు దాకా వెళ్ళింది బావా, నా కళ్ళతో నేను చూశాను. ముందుకెళ్ళింది వెనక్కెలా వస్తుందీ? అసలది శాతమేనా, లేక దానికి తోచిన అంకె ఏదో చూపిస్తోందా?

నువ్వు మాత్రం నోరు మూయకు. బుగ్గలో దూది పెట్టాను, జారిపోతుంది. ఆ గొట్టం ఉమ్ము లాగేస్తుంది, దాని పని దాన్ని చేసుకోనీ. నొప్పనిపిస్తే ఎడం చెయ్యెత్తు. ఈ కుర్చీలో కూర్చునే వాళ్ళందరికీ చెప్పేదే నీకూ చెబుతున్నా. అక్క మొగుడివని వేరే రూలేం లేదు.

మత్తు సూదేశాక, నీ ఎక్స్‌రే ఇంకోసారి చూసి మొదలెడదామని కంప్యూటర్ దగ్గరికెళ్ళాను. 'అప్‌డేట్ ఇప్పుడా, తర్వాతా?' అనడిగింది. తర్వాత అనే నొక్కాను. దాని భాషలో తర్వాతంటే తక్షణం అని నాకేం తెలుసు? ఇప్పుడు ఎక్స్‌రే లోపల, మనం బయట.

అలా గుడ్లురమకు. తెలుసు, నీ ఉచితం ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమని ఎప్పట్నుంచో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు. వేశావుగా ఒకసారి! ఏమైంది? అది ఎక్స్‌రే మిషన్ని గుర్తుపట్టలేదు, ఎక్స్‌రే మిషను దాన్ని గుర్తుపట్టలేదు. రెండూ ఒకే బల్ల మీద తోడికోడళ్ళలా మొహాలు తిప్పుకుని కూర్చున్నాయి. నువ్వేమో ఆ నల్ల తెర మీద టకటకా ఏదో కొడుతూ, 'అయిపోయింది, అయిపోయింది' అంటావు. ఆ వారమంతా నేను ఊహించి పళ్ళు పీకాను.

ఊరికే అన్నాన్లే. ఒక్కటే పీకాను.

నా అభిప్రాయం అడిగితే... అడగలేవనుకో, అయినా చెబుతా. డబ్బిచ్చి కొన్న సిస్టమ్ మన మాట వినదు. ఉచితంగా వచ్చింది మనకి అర్థం కాదు. ఇంకోటుంది, అందంగా, మహా ఖరీదుగా, దాన్ని తుడుచుకుంటూ కూర్చోవడమే సరిపోతుంది. వీటన్నిటికన్నా కాగితం నయం, ఎక్కడ పెట్టామో గుర్తుంటే.

ముప్ఫై ఒకటి. శుభం.

సరే, నువ్వు మాట్లాడలేవు, నేను పని చెయ్యలేను. పొద్దున పెట్టావే మెసేజ్, దాని సంగతి తేల్చుకుందామా? 'ఇక ఆదివారాలు రాను. బ్యాండు ఆపేద్దాం. మొన్న జనం చప్పట్లు కొట్టింది కంప్యూటర్‌కి, మనకి కాదు.' పొద్దున ఆ మెసేజ్ పెట్టావా, సాయంత్రానికి దవడ పట్టుకుని మెట్లెక్కావు. అవసరమొస్తే గాడిద కాళ్ళయినా పట్టుకోవాలంటారు. గాడిద పాత్ర నాదే, కాదన్ను.

ఆ చప్పట్ల మాట నిజమే. మూడేళ్ళ సాధన తర్వాత మనకి దొరికిందే ఒక్క ప్రోగ్రాం, అదీ లైబ్రరీ కిందున్న హాల్లో. వచ్చిన వాళ్ళలో సగం మంది వాన తగ్గేదాకా ఆగినవాళ్ళు. నేను పాత డ్రిల్లు తెచ్చి గిటారు తీగల మీద ఆడిస్తున్నా. నువ్వు మీ ఆఫీసు పారేసిన సర్వర్ డబ్బాల్ని కర్రలతో బాదుతున్నావు. మధ్యలో నీ ల్యాప్‌టాప్ కూతలు. అది కాస్తా ఉన్నట్టుండి బిగుసుకుపోయి, 'ట్ట ట్ట ట్ట ట్ట' అని ఒకటే మోత! మనిద్దరం కొయ్యబారిపోయాం. నువ్వు లేచి బటన్ నొక్కబోతే వద్దని నేనే కళ్ళతో సైగ చేశాను.

అప్పుడు కొట్టారు చప్పట్లు. ముందు వరసలో పెద్దాయన లేచి నిలబడ్డాడు కూడా. వాన తగ్గిందనుకున్నాను నేను. లేదు, కళ్ళు తుడుచుకుంటున్నాడు!

దానికంత బాధపడాలా? నువ్వు ఏళ్ళ తరబడి ఆఫీసులో కంప్యూటర్లు హ్యాంగవకుండా కాపు కాసినవాడివి. నీకు తలకొట్టేసినట్టు ఉండొచ్చు, కాదనను. కానీ ఎక్స్‌పెరిమెంటల్ రాక్‌లో ఉన్న సుఖమే అది కదా బావా! మామూలు పాటలో తప్పు వాయిస్తే చంటిపిల్లలు కూడా కనిపెట్టేస్తారు. ఇందులో తప్పు వాయించాలంటే ముందు ఒప్పేదో తెలియాలి. అది మనిద్దరికీ తెలియదు. మనం చేసేదానికి ఆ పేరుందని మీ అమ్మాయి చెప్పేదాకా అదీ తెలియదు.

అందులో మహామహుల రికార్డులు కూడా విన్నాను, ఊరికే అనడం లేదు. ఒకటైతే ఇరవై నిమిషాల పాటు ఒకే గుర్రు. ఇక్కడ పెడితే, కింద చెప్పుల షాపాయన పైకొచ్చి నా కంప్రెసర్ పాడైందని చెప్పి వెళ్ళాడు. పాపం, మంచివాడు.

ఏంటి, చెయ్యెత్తావు? నొప్పా? ముక్కు దురదా. కానీ, గోక్కో.

ఖాళీగా కూర్చోవడమెందుకు, ఈ బుల్లి అద్దం పెట్టి చూస్తానుండు. నిజం చెప్పొద్దూ, కంప్యూటర్ వచ్చాక నోట్లోకి చూడటం తగ్గిపోయింది. ఇంత పెద్ద నోరు ఎదురుగా తెరుచుకుని ఉంటే మెడ తిప్పి తెరకేసి చూస్తాం. ఏదీ, ఇంకాస్త తెరువు.

ఇవేంటి బావా? నీ దవడ పళ్ళు నున్నగా అరిగిపోయాయి. ఈ వైపూ అంతే! పన్ను పగిలింది ఇందుకన్నమాట. ఊరికే పగల్లేదు, నువ్వే నూరి నూరి పగలగొట్టావు. నిద్రలో నూరుతున్నావా? అదే అయితే అక్క ఎప్పుడో నా దగ్గరికి లాక్కొచ్చేది, ఆవిడది కోడి నిద్ర.

మరెప్పుడు? ఉండుండు. అవునంటే చెయ్యెత్తు. మనం వాయించేటప్పుడా?

ఓహో.

అంటే, ఊపులో నూరావా? చెయ్యెత్తలేదే. అసలా మోతే నీకు పడదా?

అంత పైకెత్తక్కర్లేదు, లైటుకి తగులుతుంది.

మూడేళ్ళు, బావా! వానైనా ఎండైనా, ప్రతి ఆదివారం డబ్బాలు భుజానేసుకుని వచ్చి, నా డ్రిల్లు మోత పంటి బిగువున భరించి, పోయేటప్పుడు 'బాగుంది' అని కూడా అన్నావు. ఎందుకొచ్చావు మరి? దీనికి చేతులు చాలవు, నేనే అడుగుతా. అక్క చెప్పిందా?

చెప్పింది. ఏమని? 'మా తమ్ముడు పెళ్ళాం వదిలేశాక ఒంటరివాడైపోయాడు, వారానికోసారి వెళ్ళి కూర్చోండి' అందా?

అనే ఉంటుంది. అచ్చం ఆవిడ మాటలే. నాకేం చెప్పిందో తెలుసా? నీ ఆఫీసు వాళ్ళు సర్వర్లని ఏదో క్లౌడ్‌లోకీ నిన్ను ఇంటికీ పంపించినప్పుడు ఫోన్ చేసింది. 'మీ బావ గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు రా, ఏదో ఒక వంకన బయటికి లాగు' అంది. నాకేం వంక దొరుకుతుంది? ఇంట్లో మూలనో గిటారుంటే తీశాను. వాయించడం రాదు. రాకపోయినా ఫరవాలేని సంగీతం ఏదన్నా ఉందా అని వెతికాను.

మొదటి రోజు నువ్వా డబ్బా మీద కొట్టిన దెబ్బకి నేను హడలిపోయాను. తర్వాత నువ్వు నవ్వావు. నువ్వు వెళ్ళాక అక్కకి ఫోన్ చేసి చెప్పాను, 'నవ్వాడే' అని. 'అయితే వచ్చే ఆదివారమూ పిలువు' అంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అదీ బావా. వెనకాల కూర్చుని ఇద్దర్నీ మూడేళ్ళు నడిపింది. తెర మీద ఎక్కడా కనపడలేదు. ఒక్కసారి కూడా ఆగి, అప్‌డేట్ కావాలని అడగలేదు.

నాకూ నచ్చదు ఆ మోత. నిజం. ఒక్క ముక్క బుర్రకెక్కదు. వాయించేముందు చెవుల్లో దూది పెట్టుకుంటాను, ఇదిగో, నీ బుగ్గలో ఉన్న రకమే.

ఇప్పుడు గుట్టు రట్టయింది కాబట్టి ఇక నువ్వు రావక్కర్లేదు. న్యాయంగా అంతే. నీకు మళ్ళీ ఉద్యోగమూ దొరికింది, గోడలకేసి చూడటమూ మానేశావు. నువ్వు బాగయ్యావు. నాకు మాత్రం ఆదివారం సాయంత్రమైతే ఆ ఇంట్లో ఫ్రిజ్ మోత ఒక్కటే వినిపిస్తుంది. అదీ ఇరవై నిమిషాల పాటు ఒకే గుర్రు. రికార్డు చేస్తే ఏ పెద్దాయనో కళ్ళు తుడుచుకుంటాడేమో గాని, నేను భరించలేను బావా.

అదిగో, నూరు శాతం! అయ్యింది, వచ్చేసింది! ఏమంటోంది... 'మొదటి భాగం పూర్తయింది.' ఇంకెన్ని భాగాలో చెప్పి చావదు. పోనీలే. మెడ ఉందిగా తిప్పడానికి, అద్దం ఉందిగా చేతిలో. పగులు ఎదురుగానే కనిపిస్తోంది. తాత్కాలికంగా కట్టేసి పంపిస్తా, మిగతాది ఎక్స్‌రే చూశాక. పళ్ళు నూరకుండా తొడుగు కూడా చేసిస్తా.

ఒక్కటే అడుగుతా, మొహమాటపడకు. డబ్బాలు వద్దు, గిటారు అటక మీద పెట్టేస్తా. ఏమీ వాయించం. ఊరికే వచ్చి కూర్చుంటావా, ఈ ఆదివారం?

చెయ్యెత్తావు.

నొప్పికా? కాదు, ఆ వైపంతా మొద్దుబారి ఉంది, గిల్లినా తెలియదు నీకు. ముక్కు కూడా గోక్కోవడం లేదు.

ఇక దించు బావా. దించు. కనపడింది.