జే న్యామే అచ్చు

ఏమ్మా దేదీప్యా, ఆ చెవులకి వేలాడుతున్నవేంటి, ఇలా వెలుగులోకి రా ఓసారి. రెడ్‌మండ్ సంతలో కొన్నావా? శుభం కలిగించే గుర్తని చెప్పిందా అమ్మినావిడ? ఆఁ, చెప్తుంది, అమ్మేవాళ్లు ఏదైనా చెప్తారు. కూర్చో, ఆ బ్యాగ్ పక్కన పెట్టు. ఈ గుర్తు గురించి వాషింగ్టన్ రాష్ట్రం మొత్తం మీద గట్టిగా చెప్పగలిగిన తెలుగువాడు ఒక్కడే ఉన్నాడు, వాడు నీ ఎదురుగానే కూర్చున్నాడు. దీన్ని జే న్యామే అంటారు. ఘానా దేశంలో అకాన్ జనం ఉన్నారే, వాళ్లది. నాకు చూపించినవాడు యావ్ ఒపోకు. యావ్ అంటే గురువారం పుట్టినవాడని అర్థంట. మొదటి రోజే అడిగాను, 'ఏం నాయనా, దేనిమీద నీకంత యావ' అని, తెలుగులోనే. అర్థం కాకపోయినా నవ్వాడు. అదీ వాడి గుణం. పోయి పదకొండేళ్లయింది.

ఇక్కడే బాతెల్‌లో, ఆస్పత్రి మెషీన్లు చేసే కంపెనీలో నాదీ వాడిదీ పక్కపక్క బెంచీలు. నేను ఇన్‌స్పెక్షన్. నేను వేలితో తడిమితే చాలు, వెంట్రుకవాసి తేడా పట్టేసేవాణ్ణి, మెషీన్ పెట్టి కొలిచేవాళ్లు నా దగ్గరికొచ్చి సరిచూసుకునేవాళ్లు. నవ్వకు, మీ బాబాయ్ విశ్వనాథాన్ని అడుగు, వాడూ అక్కడే చేశాడు. అయినా నా చెయ్యి అసలు చూడాల్సింది పెడనలో. మాది అద్దకం ఇల్లు. కలంకారీ. పన్నెండేళ్లప్పుడు కళ్లకి గంతలు కట్టుకుని ఒక్క పగట్లో మూడొందల దుప్పట్లు అద్దాను, ఒక్క పువ్వు పక్కకి జరగలేదు. ఈ కథ యావ్‌కి లంచ్‌లో రోజూ చెప్పేవాణ్ణి. ఒకరోజు వాడు డబ్బా మూతపెట్టి, 'క్రిష్, మా అమ్మ ఊళ్లో కూడా గుడ్డ మీద అచ్చు వేస్తారు, సొరబుర్ర ముక్క మీద చెక్కి, చెట్టు బెరడు ఉడకబెట్టిన నలుపులో ముంచి' అన్నాడు. సొరబుర్ర మీద ఏం చెక్కుతారయ్యా, టేకు మీద చెక్కాలి గానీ, అన్నాను. అలాగే అనేవాణ్ణి అప్పట్లో.

ఇంతలో వాళ్లమ్మ పోయింది. వీడికి గ్రీన్‌కార్డ్ పేపర్స్ మధ్యలో ఉన్నాయి, వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో తెలీదు. లాయర్ వద్దన్నాడు. ఒక్కడే కొడుకు. ఇక్కడే చర్చి హాల్ బుక్ చేసి, వాళ్ల జనాన్ని పిలిచి, శనివారంనాడు కర్మ చేయాలనుకున్నాడు. వాళ్లలో చావుకి తెలుపు కాదు, ఎరుపూ నలుపూ. ఎర్రగుడ్డ మీద నల్ల అచ్చులు వేసింది భుజం మీదుగా చుట్టుకోవాలి, కొడుకైతే మరీను. అక్కణ్ణుంచి తెప్పించుకునే టైం లేదు. నా దగ్గరికొచ్చి, 'నువ్వు వేయగలవా' అన్నాడు. వేయగలవా అని నన్నడుగుతావా, నాలుగొందల దుప్పట్లు అద్దినవాణ్ణి, అన్నాను.

ఆఁ? మూడొందలన్నానా ఇందాక. ఏదోలే.

పేపర్ నాప్కిన్ మీద గీసి చూపించాడు. చూశావుగా, మధ్యలో గుప్పిట కణుపుల్లా బొడిపెలు, అటో చెయ్యి ఇటో చెయ్యి వంపు తిరిగి, కాస్త వాలుగా ఉంటుంది. పేరేంటన్నాను. జే న్యామే అన్నాడు. నా చెవికి ఏమని వినిపించిందో చెప్పు చూద్దాం. జ్ఞానమే. అంతే, ఎగిరి గంతేశాను. 'ఓరినీ, ఇది మా మాటే, నాకు నువ్వు చెప్పక్కర్లేదు' అన్నాను. వాడు 'కాదు క్రిష్, దానర్థం...' అని మొదలెట్టాడు. నేను చెప్పనిస్తేగా. సంస్కృతం ఆఫ్రికా ఎలా వెళ్లిందో, ఏ ఓడలెక్కి వెళ్లిందో అరగంట చెప్పాను. అంతా అప్పటికప్పుడు అల్లిందే. వాళ్లమ్మ పోయి నాలుగు రోజులు. తల వంచుకుని విన్నాడు పాపం. రెండోసారి చెప్పబోయాడు కూడా. నేను ఆపలేదు.

ఇంట్లో టేకు కుర్చీ ఉండేది, దాని చెయ్యి విరగ్గొట్టి అచ్చు చెక్కాను. గరాజ్‌లో తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసిన నల్లరంగు కుండ ఎప్పుడూ ఉండేది నాకు. మీ ఆంటీ వసంతలక్ష్మి ముక్కు మూసుకుని, 'ఆ అబ్బాయి గీసిచ్చింది గీసిచ్చినట్టు వేసివ్వండి చాలు' అంది. ఆవిడకేం తెలుసు అనుకున్నాను. చెక్కుతుంటే నాకు వెలితిగా కనిపించింది. ఆ వాలేంటి, సరిగ్గా నిలబెట్టాను. జ్ఞానమన్నాక దీపం ఉండొద్దూ? పైన ఒక దీపం చెక్కాను. చిన్నదే, చక్కటి దీపం, వత్తి కూడా కనపడేది. ఎర్రగుడ్డ పన్నెండు గజాలూ అద్దేశాను. గురువారం యావ్ ఫోన్ చేసి 'వచ్చి చూడొచ్చా' అన్నాడు. పూర్తయ్యాకే చూడాలి, అదిరిపోతావ్, శనివారం పొద్దున రా, అన్నాను.

వచ్చాడు. నల్ల సూట్‌లో ఉన్నాడు, దానిమీంచి గుడ్డ చుట్టుకోవచ్చని. టేబుల్ మీద పరిచాను. చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేను రంగు గురించి చెప్తున్నాను. వేలు పెట్టి, 'పైన ఇదేంటి క్రిష్' అన్నాడు. దీపం అన్నాను. 'పైన ఏమీ ఉండదు' అన్నాడు. మెల్లగా చెప్పాడమ్మా, కోపం లేదు. 'జే న్యామే అంటే దేవుడు తప్ప అని. మొదలు చూసినవాడు లేడు, చివర చూసేవాడు ఉండడు, ఆయన తప్ప. ఆయన మీద ఇంకేదీ ఉండదు. ఆ గుర్తు చెప్పేదంతా అదే.' అంటే నేను ఏం చేశానో అర్థమైందా నీకు? వాళ్లమ్మ కర్మకి కట్టుకునే గుడ్డ మీద, దేవుడి నెత్తిన నా దీపం పెట్టాను, పన్నెండు గజాల పొడుగునా.

గుడ్డ మడత పెట్టుకుని, థాంక్స్ చెప్పి, కార్లో పెట్టుకున్నాడు. నేనూ వెళ్లాను హాల్‌కి. అందరూ ఎరుపూ నలుపూ చుట్టుకుని ఉన్నారు, చిన్నపిల్లలతో సహా. చనిపోయినావిడ కొడుకు ఒక్కడే ఆఫీస్‌కి వచ్చినట్టు సూట్‌లో. ఒక పెద్దాయన, వాళ్ల కులపెద్ద లాంటివాడు, అందరి ముందూ గట్టిగానే అడిగాడు. వాళ్ల భాషలోనే అనుకో, అయినా సూట్ కాలర్ పట్టుకుని లాగి అడుగుతుంటే భాషతో పనేముంది. యావ్ ఇంగ్లీషులో చెప్పాడు, నాక్కూడా తెలియాలనేమో. 'నాదే ఆలస్యం. టైంకి తయారు చేయించలేకపోయాను' అన్నాడు. నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. తప్పు నాదని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. ఊరికే మాట్లాడే నోరమ్మా ఇది, నిద్రలో కూడా ఆగదంటుంది మీ ఆంటీ. ఆ పూట ఆగింది.

అక్కడితో అయినా బాగుండేది. సోమవారం కంపెనీలో మీ బాబాయ్ 'అద్దకం ఎలా వచ్చింది గురూ' అన్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారన్నాను. ఆ పెద్దాయన నా చేతులు కళ్లకద్దుకున్నాడన్నాను. నువ్వు విన్నదీ అదే కదా? ముప్ఫయ్యేళ్లుగా చెప్తున్నాను, మన తెలుగు అసోసియేషన్ మీటింగ్‌లో మైకు పట్టుకుని కూడా చెప్పాను. ఆ చప్పట్లు లేవు. వాళ్లు ఎవరూ ఆ గుడ్డ చూడనే లేదు. విశ్వనాథం అమాయకుడు, ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో యావ్ దగ్గరికెళ్లి, 'మా క్రిష్ అద్దిన గుడ్డకి చప్పట్లు కొట్టారటగా మీవాళ్లు' అన్నాడు. నేను ట్రే పట్టుకుని వెనకాలే ఉన్నాను. యావ్ నా వంక చూశాడు. చూసి, విశ్వనాథంతో, 'అవును, చాలాసేపు కొట్టారు' అన్నాడు.

నెల తిరక్కుండా బెంచీ మార్పించుకున్నాడు, తర్వాత వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. వాడు పోయినప్పుడు వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. గుడ్డ ఏమైందని అడుగుదామనుకున్నాను. అడగలే...

అన్నట్టు, చదువయ్యాక ఉద్యోగానికిచ్చే నీ ఓపీటీ కార్డ్ వచ్చిందా?