ఆఖరి సంచికలో పాఠకుల పేజీ

పత్రికల కొట్టు ముందు దర్జీ నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చాడు. కొట్టు నడిపే ఆవిడ అతన్ని చూడగానే అడిగింది.

"ఇంకా ఆ బొంతల పత్రిక కొనడం దేనికన్నయ్యా? ఫోన్ తెరిస్తే లక్ష బొంతలు. కత్తిరించడం నుంచి అంచు కుట్టడం దాకా చేసి మరీ చూపిస్తున్నారు."

"ఫోన్లో కాదు చెల్లెమ్మా. ఈ నెలది వచ్చిందా?"

"వచ్చింది. ఊరు మొత్తానికీ ఒక్కటే కాపీ, అదీ మీ కోసమే తెప్పిస్తున్నాను. పాత డిజైన్లే తిప్పి తిప్పి వేస్తున్నారు. అసలు వదినకి చదివే ఓపిక ఉందా?"

"ఒక్క పేజీ చూస్తుంది. పాఠకుల పేజీ."

"ఆ ఉత్తరం కోసమేనా, ఇంకా?"

"తను కుట్టిన బొంత ఫొటో, ఉత్తరం పంపి తొమ్మిది నెలలైంది. నేను వెళ్లగానే ముందు ఆ పేజీ తీయమంటుంది. లేకపోతే, వచ్చే నెల వేస్తార్లెండి అని నన్నే ఓదారుస్తుంది."

"అయితే ఇటు చూడండి. అట్ట మీద, ఈ చిన్నక్షరాలు."

"కళ్లజోడు తేలేదు. నువ్వే చదువు."

"ఇదే ఆఖరి సంచికట. పత్రిక మూసేస్తున్నారు."

"మూసేస్తున్నారా?"

"పాఠకుల పేజీ కూడా చూశాను. వదినది లేదు."

"లేదని తెలుసు."

"తెలుసా? ఎలా?"

"అంటే... ఉండదనుకున్నాను."

"డాక్టరేమన్నాడు?"

"వచ్చే నెల మాట ఎత్తొద్దన్నాడు."

"అయ్యో. అన్నయ్యా, కూర్చోండి. ఆ స్టూలు లాక్కుని కూర్చోండి ముందు. ఒక పని చేద్దాం. మా మరిది ప్రెస్సు వెనక సందులోనే కదా. ఇదే సైజు కాగితం మీద వదిన ఉత్తరం, ఫొటో అచ్చు వేయిద్దాం. పిన్నులు విప్పి మధ్యలో పెట్టామంటే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు."

"అబద్ధం కదూ?"

"రేపిస్తా, ఎల్లుండిస్తా అని మిషను ముందు కూర్చుని మీరు ఆడనివా! ఇదొక్కటీ ఎక్కువైందా? ఉత్తరం నకలుందా?"

"నకలా... నేనే ఏదో నాలుగు మాటలు చెప్తాను. రాసుకో."

"వదిన పట్టేయదూ?"

"పట్టేస్తుంది. మాట మాటా కంఠతా వచ్చు. మొన్న జ్వరంలో కూడా అప్పజెప్పింది."

"మరి?"

"ఉంది. ఉత్తరం, ఫొటో నా జేబులోనే ఉన్నాయి. మీ మరిది చేతికే ఇస్తాను. నువ్వు చదవొద్దు."

"నేను పక్కన కూర్చుని చదివితేనే వాడు టైపు చేసేది. ఇటివ్వండి."

"వద్దు చెల్లెమ్మా."

"అక్కడ మనిషి అలా ఉంటే ఇక్కడ నీళ్లు నములుతారేంటి? ఇవ్వండి ఇటు. ఇదేంటి, కవరు అతికించే ఉంది! స్టాంపు మీద ముద్రే లేదు. అన్నయ్యా, పంపలేదా?"

"చింపు. చదువు. ఇక దాచి ఏం చేసుకోను?"

"'ఈ బొంతలో నేను కొన్న గుడ్డ ఒక్కటీ లేదు. మా ఆయన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు, మీ ఆవిడకివ్వండి అంటూ ప్రేమగా వదిలి వెళ్లిన ముక్కలివి. ఈ చారలది పోస్టుమాస్టరు గారి చొక్కా. పచ్చది నర్సమ్మ గారిది. నడిమధ్యన ఊదా పువ్వులది పత్రికల కొట్టు ఆడపడుచు ఇచ్చింది, వాళ్ల పాప గౌనులోంచి. కనిపిస్తే దండం పెట్టాలనుంది...' నేనిచ్చానా?"

"లేదు."

"గుడ్డ చాల్లేదన్నారు మీరు. జేబు పెట్టలేదని మా పిల్ల వారం రోజులు ఏడ్చింది."

"చాలింది. జేబుకీ చాలేది."

"మరి వదినకి..."

"అందరూ ఇచ్చారన్నాను. అడక్కుండా తెచ్చిన ముక్కలని తెలిస్తే సూది పట్టేదా తను? ఇది అచ్చయితే ముందు నువ్వే చదువుతావు, నీ నోట ఊరంతా వింటుంది. పోస్టు డబ్బా దాకా వెళ్లాను. చెయ్యి రాలేదు. చెల్లెమ్మా, తిట్టు. ఊరంతా టాంటాం వెయ్యి. అదంతా రేపు. ఇవాళ ఆ పేజీ వేయించు. నీ సంగతి ఉన్న ఆ ఒక్క వాక్యం తీసేయమని చెప్పు."

"తీసేస్తే వదినకి తెలీదూ?"

"తెలుస్తుంది."

"అయితే రాసింది రాసినట్టే ఉంటుంది. సాయంత్రం పత్రిక తీసుకుని నేనే వస్తాను మీ ఇంటికి."

"నువ్వా? ఎందుకు?"

"వదిన దండం పెడితే పెట్టించుకుంటాను. మీరు మాత్రం బయటికి వెళ్లకూడదు, అక్కడే నిలబడి చూడాలి."