ఇస్తారి పాడె కాడ రెండు జెండాలు

ఇస్తారి సంగతా? కూసో బిడ్డా, నిలవడి ఇనేటి ముచ్చట గాదది. మీటింగుకు రమ్మంటే మాత్రం రాను, ముందే చెప్తున్న. నీకంటె ముందు ఇద్దరొచ్చిపోయిండ్రు, ఆ పార్టీవోడొకడు, ఈ పార్టీవోడొకడు. ఇద్దరిదీ ఒకటే పాట, 'తాతా, ఇస్తారి మావోడే అని జర మైకుల చెప్పు.' మావోడట! సిగ్గుండాలె. బతికున్నప్పుడు వీళ్ల పెద్దోళ్లు ఆయన్ని ఏమన్నరో ఎరుకేనా... ఆగు, మొదటికెళ్లి చెప్త.

ఇస్తారి మా బాయిల దుంగలు నిలవెట్టేటోడు. బాయంటే బొగ్గుబాయి. బొగ్గు తీసినకొద్ది పైన కప్పు కూలకుంట కింద దుంగలు ఆనిస్తరు, గా పని. మంచోడే, గాని నోరు శాన చెడ్డది. పెద్దసారైనా సరే, మొఖం మీదనే తిట్టేటోడు. పోలీసు యాక్షన్ అయినంక, దొరల మీద లేశిన సంగపోళ్లకు బువ్వ పెట్టిండని జైల్ల ఏసిండ్రు. గాడ ఒక పంతులు సోపతైండు. గా పంతులే జర్మనీ దేశపు గడ్డమాయన కత చెప్పిండు ఈయనకు. పార్టీ ఆఫీసులల్ల పటం ఉంటది సూడు, గాయనే. కూలోని చెమట ఎవని ఇంట్ల బంగారమైతదో ఇడమర్చి చెప్పినాయన. ఇస్తారి బైటికొచ్చి మల్లక్కను చేసుకున్నడు, బాయిల కుదిరిండు. ఇగ ఐతారం వచ్చిందంటే క్వార్టర్ల ముంగట గదే కత. సదువుడు గాదు, ఒగ్గు కత చెప్పేటోళ్ల లెక్క చేతులూపుకుంట చెప్పుడు. 'రాజు పత్రిక మూపిచ్చిండు! దేశంకెళ్లి ఎల్లగొట్టిండు! పక్క దేశపోడు గూడ పొమ్మన్నడు!' అని లేశి నిలవడేటోడు. లండను పట్నంల ఇరుకు కొంప, పసిపిల్లలు ఒకలెనుక ఒకలు సచ్చిపోవుడు, సచ్చిన బిడ్డను పూడ్చే పెట్టెకు గూడ గతిలేక తల్లి ఇల్లిల్లు తిరుగుడు. మా ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకునేటోళ్లు. కూసుండరాకుంట ఒంటి మీద గడ్డలు లేస్తె ఆయన నిలవడే పుస్తకం రాసిండట. సగం నిజమో, సగం ఇస్తారి కలిపిందో, నాకేమెరుక. లండన్ల వేములవాడ జాతరంత జనం దినాం ఉంటరని గూడ చెప్పిండు మరి. మల్లక్క ఒక్కటే అడిగేది, 'గా పెండ్లాం ఏమన్నదయ్యా ఆయన్ని?' 'ఏమంటది? ఆయన చేతిరాత ఎవలికీ అర్థంగాకుంటె సాపుగ రాసిచ్చింది.' మల్లక్క మూతి తిప్పేది.

గా కత ఇననీకి వచ్చేటోళ్లల్ల వెంకటి, హనుమండ్లు అని ఇద్దరు. ఒక్క కంచంల తిన్నోళ్లు. అరవై నాలుగుల ఎర్రజెండా పార్టీ రెండుగ చీలిందా, వెంకటి ఒక దిక్కు, హనుమండ్లు ఒక దిక్కు. ఆఫీసుకు రెండు తాళాలు. గడ్డమాయన పటం నాదంటె నాది. 'ఓట్లతోని గూడ రాజ్యమొస్తదని ఆయనే అన్నడు' అని వెంకటి. 'ఏడ అన్నడు? కొట్లాడకుంట రాదన్నడు, నువ్వు దొరలకు అమ్ముడువోయినవ్' అని హనుమండ్లు. ఇద్దరు ఇస్తారి కాడికొచ్చిండ్రు, నువ్వు చెప్పు అని. ఇస్తారి ఏమన్నడు? 'ఆయన ఏమన్నడో తర్వాత సూద్దాం. బాయిల దుంగలు మురిగినయి, గుడ్డోనికి గూడ కనవడుతున్నది. ఇద్దరు కలిసి ఒక్క నోటీసియ్యుండ్రి, కొత్త దుంగలు వచ్చేదాక పని బంద్ అని.' నోటీసు! దాని మీద ఎవని పేరు పైన, ఎవని పేరు కింద? గదే లొల్లి. వెంకటోళ్లు బంద్ అన్ననాడు హనుమండ్లోళ్లు బాయిల దిగిండ్రు, వీళ్లు బంద్ అన్ననాడు వాళ్లు దిగిండ్రు. ఇస్తారి ఆఫీసు ముంగట నిలవడి ఇద్దరినీ కలిపి తిట్టిండు, 'గడ్డమాయన ఏ దేశానికి పనికిరాకుంట తిరిగింది మీసొంటోళ్ల కోసమారా' అని. వెంకటి 'ద్రోహి' అన్నడు. హనుమండ్లు 'కంపెనీ కుక్క' అన్నడు. ఆ ఒక్క దినం ఇద్దరు ఒక్కటైండ్రు బిడ్డా. దేనికి? ఇస్తారిని తిట్టనీకి.

వారం తిరగలే, కప్పు కూలింది. ఇస్తారి కిందనే ఉండె. పైకి తెచ్చెవరకు మొఖం ఆనవాలు లేదు, చేతి కడియం సూసి గుర్తువట్టింది మల్లక్క.

పీనుగు వాకిట్ల ఉన్నది. ఇటుకెళ్లి వెంకటి జెండా వట్టుకొచ్చిండు, అటుకెళ్లి హనుమండ్లు. రెండూ ఎర్రయే! 'మావోడు, మా జెండా కప్పాలె.' 'ఎట్ల మీవోడు?' ద్రోహి అన్న నోరే, కుక్క అన్న నోరే! పీనుగు మీదికెళ్లి ఒకని చెయ్యి ఒకడు గుంజుకుంటె పాడె బొంగు పటుక్కున ఇరిగింది. గప్పుడు లేశింది మల్లక్క. ఏడ్వలే. 'గా గడ్డమాయన సచ్చిననాడు ఎంట పది పన్నెండు మందే పోయిండ్రని మా ఆయన చెప్పిండు. ఇయ్యాల దేశాలకు దేశాలే మావోడంటె మావోడంటున్నయట, గానాడు ఏడ వోయిండ్రు? నా మొగనికి గూడ పదిమంది చాలు. ఎల్లుండ్రి నా వాకిట్లకెళ్లి' అని రెండు జెండాలు గుంజి సందుల ఇసిరేసింది. 'చెల్లె, నీకు రాజకీయం తెల్వది' అన్నడు వెంకటి. 'తెల్వదు. దుంగ మురిగింది తెలుసు' అన్నది. పాత గొంగడి కప్పి, మేం పదిమందిమే మోసినం.

దినాలు గాకముందే ఆడోళ్లను ఎంటేసుకోని బాయికి పోయే తొవ్వకు అడ్డం కూసున్నది. ఆడోళ్లను దాటి ఏ మొగోడు దిగుతడు? దిగలే. కొత్త దుంగల లారీలు వచ్చినంకనే లేశింది. గంతే, తెల్లారి గోడల నిండ రెండు పార్టీల కాయితాలు, 'మా పోరాటం గెలిచింది' అని! ఒక్కదాని మీదన్న మల్లక్క పేరుందా? నా కడుపుల మంట ఇప్పటికీ సల్లారలే.

తర్వాతేముంది, కంపెనీవోళ్లు క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నరు. ఇచ్చోడ అనే ఊరి దిక్కు తమ్ముని ఇంటికి పోయింది, పత్తి ఏరుకుంట బతికింది, గాడనే సచ్చింది. ఇక్కడ ఏటేటా ఇస్తారి పేర రెండు సభలు, రెండు మైకులు, గడ్డమాయన పటాలు రెండు. ఆమెను ఒక్కడన్న పోయి సూసొచ్చిండా? ఇచ్చోడకు బస్సు లేకుండెనా? ఉండె. దినాం ఉండె.

...నువ్వు పో ఇగ. పోయేటప్పుడు ఆ తలుపు దగ్గరికెయ్యి, కుక్క జొరవడ్తది.