ఇంకోసారి మేడమ్ గారి లేపుడు డిస్కు

మొదటి వరద మెట్లన్నీ ముంచి, గడప దాటి, మన కార్యాలయం కింది గదుల్లో బల్లల ఎత్తున నిలిచి తీసిన సంవత్సరం అది. నీళ్ళు తీసిన పదకొండో రోజు, సోమవారం ఉదయం పది గంటలకు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన కంప్యూటరు విభాగాధిపతి గారు ఈ నీటి సరఫరా కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. చేరిన నాడు ఆవిడకు కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు; కుర్చీలన్నీ ఎండలో ఉన్నాయి. ఆవిడ చేతికి ఇచ్చింది ఒకటే, తడిసి ముద్దయిన వాల్వుల రిజిస్టరు.

ఆ రిజిస్టరు విలువ కొత్తవారికి తెలియడం కోసం ఒక మాట. ఊరి కింద పాతిన గొట్టాలకు ఎక్కడెక్కడ వాల్వులున్నాయో, ఏ గోడ నుంచి ఎన్ని అడుగుల దూరమో, ఎటువైపు ఎన్ని చుట్లు తిప్పితే మూతపడతాయో, అదంతా అందులోనే ఉండేది. వేరే నకలు లేదు. అప్పట్లో ఇక్కడ పనిచేసిన అటెండరు, అంటే ఈ నాలుగు మాటలు రాస్తున్న మనిషి, పేజీలు ఒక్కొక్కటీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టేవాడు. ఆరినవాటిని మేడమ్ గారు ఇస్త్రీపెట్టెతో సాపు చేసుకుని టైపు చేసేవారు. సిరా కరిగిపోయిన చోట ఫిట్టరుకు కబురు వెళ్ళేది.

"వంతెన పక్క వాల్వు. పదకొండు చుట్లా, పదిహేడు చుట్లా?"

"పదిహేడే అక్కా. తిప్పి తిప్పి నా భుజం అరిగిపోయింది. నాకు తెలీదా?"

"మీకు తెలుసు. కానీ ఇంకోసారి వెళ్ళి తిప్పి, లెక్కపెట్టుకుని రండి."

ఫిట్టరు గొణుక్కుంటూ వెళ్ళాడు, గంట తర్వాత తల వంచుకుని వచ్చాడు. "పద్దెనిమిది" అని చెప్పి, తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, "మీ నోట ఇంకోసారి అన్న మాట వింటే చాలు, నాకు చెమట పడుతోందక్కా" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఆవిడకు ఇంకోసారి మేడమ్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఎదురుగా ఎవరూ అనలేదు, ఆవిడకు తెలియకుండానూ లేదు.

నాలుగువేల పైచిలుకు వాల్వులను ఈ విధంగా మూడేళ్ళలో అక్షరబద్ధం చేసి, తదనంతరం కార్యాలయానికి కంప్యూటరు రాగా, ఆ సమస్త సమాచారాన్ని అందులోకి ఎక్కించిన ఘనత ఆవిడదే. పై అంతస్తులో చిన్న గది ఇచ్చి, ఆవిడను ఆ విభాగానికి బాధ్యురాలిగా నియమించారు. నీళ్ళు పైకెక్కవు కనుక ఇక భయం లేదని అందరూ నిశ్చింతగా ఉన్న రోజుల్లో ఆవిడ ఒక్కరే నిశ్చింతగా లేరు. బ్యాకప్ సాఫ్టువేరు తెప్పించారు. ప్రతి శుక్రవారం రిజిస్టరు నకలు ఒక చిన్న పెట్టెలాంటి హార్డ్ డిస్కులోకి వెళ్ళేది. అది చాలక ఆవిడ రెండు సీడీలు కూడా తయారు చేశారు.

"మరి ఇవెందుకమ్మా?" అని అటెండరు అడిగాడు. అతను అడిగే ప్రశ్నలు ఏడాదికి నాలుగైదుకు మించవు.

"నకలు పెట్టెలో ఉంది బాబాయ్. కంప్యూటరే లేవకుండా పడిపోతే, పెట్టెలో ఉన్నది తీసి దాంట్లో పెట్టేదెవరు?"

"ఎవరు?"

"ఈ సీడీ. ఇది పెడితే, పడిపోయిన కంప్యూటరు దీన్ని పట్టుకుని లేస్తుంది. లేచాక పెట్టెలోది తీసుకుంటుంది."

"అయితే లేపుడు డిస్కన్నమాట."

ఆవిడ నవ్వి, ఆ పేరే ఖాయం చేశారు. ఒక డిస్కు పై గది ఇనప బీరువాలో, రెండోది ఆవిడ ఇంట్లో ఉండేవి. ప్రతి నెలా మొదటి సోమవారం రెండింటినీ వరసగా కంప్యూటరులో పెట్టి, తెర మీద బొమ్మ వచ్చేదాకా చూసి, ఆ తర్వాతే తీసి దాచేవారు. పనిచేస్తుందని పోయిన నెలే తెలిసింది కదా, ఈ నెల మళ్ళీ ఎందుకని హాస్యమాడిన వారు లేకపోలేదు. ఆవిడ జవాబు చెప్పేవారు కారు. ఇంకోసారి పెట్టేవారు.

మొదటి వరదకు పన్నెండో ఏట రెండో వరద వచ్చింది. దానికి ముందు మేడమ్ గారు భర్త గారి మోకాలి ఆపరేషను కోసం నలభై రోజులు సెలవు పెట్టారు. ఇంటికి తాళం వేసి వెళ్తూ, ఇంట్లో ఉండే డిస్కును కూడా తెచ్చి బీరువాలోనే పెట్టారు. ఆ నలభై రోజుల్లో ఒకనాడు అటెండరు బీరువా దుమ్ము దులుపుతూ, డిస్కుల మీద పెన్నుతో రాసిన అక్షరాలు చెరిగిపోవడం గమనించాడు. అతను చదివింది మూడు తరగతులే అయినా, ఈ కార్యాలయంలో ప్రతి ఫైలు అట్ట మీదా, ప్రతి తాళంచెవి బిళ్ళ మీదా ఉన్న గుండ్రటి అక్షరాలు అతనివే. తెల్లకాగితం కత్తిరించి, లేపుడు డిస్కు ఒకటి, లేపుడు డిస్కు రెండు అని తీరుగా రాసి, ఫైళ్ళకు వాడే మైదా జిగురుతోనే గట్టిగా అంటించాడు. మేడమ్ గారు వచ్చి చూసి మెచ్చుకుంటారని అతని ఆశ.

ఆవిడ తిరిగి చేరిన నాలుగో రోజుకే, మొదటి సోమవారం ఇంకా రాకముందే, ఏరు పొంగింది.

నీళ్ళు తీసిన ఉదయానికి పరిస్థితి ఇది. కరెంటు దెబ్బకు కంప్యూటరులోని హార్డ్ డిస్కు మాడిపోయింది. అచ్చు వేసి ఉంచిన కాగితాలు కింది గదిలో గుజ్జయ్యాయి. వంతెన దగ్గర పెద్ద గొట్టం పగిలింది. వీధుల మీద నడుము లోతు బురద. పగిలిన చోటికి ఇరువైపులా ఉన్న మూడు వాల్వులు మూస్తే తప్ప, మంచినీటి ట్యాంకుకు బురద ఎక్కకుండా ఆపలేరు.

"సాయంత్రం లోపు మూయాలి. లేకపోతే ఊరంతా అదే తాగుతుంది" అన్నారు ఇంజినీరు గారు. ఫిట్టరు వైపు తిరిగి, "నీకు తెలుసు కదా, ఎక్కడున్నాయి?" అని అడిగారు.

"తెలిసినన్నాళ్ళు తెలుసు సార్. అక్కకు చెప్పి దాంట్లో పెట్టించాను, నేను మర్చిపోయాను. గుర్తున్నా ఏం లాభం, వాల్వుల మూతలన్నీ బురద కింద ఉన్నాయి, గోడ నుంచి అడుగుల లెక్క లేకపోతే దొరకవు."

మేడమ్ గారు కొత్త హార్డ్ డిస్కు బిగించి, ఒకటో నంబరు లేపుడు డిస్కు పెట్టారు. తెర నల్లగా ఉండిపోయింది. కంప్యూటరు ముందు సీడీని చూడకుండా ఖాళీ హార్డ్ డిస్కునే వెతుక్కుంటోందేమోనని, మొదలయ్యే క్షణాన మీట నొక్కి, సీడీనే మొదట చూడమని మార్చారు. అయినా నలుపే. ఆవిడ తెరను వదిలేసి, కంప్యూటరు పక్కన చెవి ఆనించి విన్నారు. లోపల డిస్కు తిరగడం లేదు, ఎగిరెగిరి కొట్టుకుంటోంది.

బయటికి తీశారు. వరద చెమ్మకు జిగురు ఉబ్బి, కాగితం ఒక పక్క బొడిపెలా లేచి ఉంది.

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు అది చూశాడు. తన చేత్తో, తన ముచ్చట కోసం, ఊరి నోట్లో బురద పోశాననుకున్నాడు.

"ఎవరిదీ కళాకౌశలం?" అంటూ ఇంజినీరు గారు డిస్కు లాక్కుని గోటితో కాగితం పీకారు. కాగితంతో పాటు వెండిరంగు పొర కూడా ఊడివచ్చింది. ఎత్తి పట్టుకుంటే డిస్కులోంచి కిటికీ కనబడింది. సమాచారమంతా ఉండేది ఆ పొరలోనే.

"ఇంకోటి ఉంది సార్" అన్నారు మేడమ్ గారు శాంతంగా. "దాన్ని మాత్రం మీరు ముట్టుకోకండి."

తర్వాత అటెండరు దగ్గరకు వచ్చి, పక్కవారికి వినబడనంత మెల్లగా అడిగారు. "బాబాయ్, గోందు జిగురా, మైదా జిగురా?"

"మైదా అమ్మా."

"గోరువెచ్చటి నీళ్ళలో ఎంతసేపటికి వదులుతుంది?"

"ఫైలు అట్టయితే అరగంట."

"గంట తీసుకోండి. లాగొద్దు, దానంతటదే రావాలి. ఆ జిగురు సంగతి మీ చేతికి తెలిసినట్టు నాకు తెలీదు."

అటెండరు టీ కాచే గిన్నెలో నీళ్ళు వెచ్చచేసి, పళ్ళెంలో పోసి, డిస్కును అందులో పడుకోబెట్టి, పక్కన గొంతుకూర్చున్నాడు. ఫిట్టరు రెండుసార్లు వచ్చి చూసి, "బాబాయ్, ఉడికిందా?" అన్నాడు. అటెండరు తల ఎత్తలేదు. నీళ్ళు చల్లబడినప్పుడల్లా కాసిని వేడినీళ్ళు కలుపుతూ, వేలితో అంచును తాకి చూస్తూ ఉండగా, గంట దాటాక కాగితం అంచు తనంతట తనే లేచింది. ఆ పైన మొత్తం ఊడి నీళ్ళమీద తేలింది. వెండిపొర మీద గీత పడలేదు. మెత్తటి గుడ్డతో అద్ది, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

ఈసారి డిస్కు తిరిగిన చప్పుడు నూలు వడికినట్టు సన్నగా వినిపించింది. తెర మీద నీలం రంగు వచ్చింది. ఇంజినీరు గారు ఊపిరి వదిలారు గానీ మేడమ్ గారు వదల్లేదు. లేచిన కంప్యూటరుకు నకలున్న పెట్టె కనబడటం లేదు.

"ఇప్పుడేమైంది?"

"పెట్టె తీగ గుచ్చిన ముందువైపు నీలం పోర్టు కొత్త రకం సార్. లేపుడు డిస్కు పాత కాలంది, దానికి ఈ పోర్టు తెలీదు" అంటూ ఆవిడ వంగి, తీగను వెనకవైపు నల్ల పోర్టుకు మార్చారు. పెట్టె పేరు తెర మీదికి వచ్చింది. నలభై నిమిషాల పాటు ఆ చిన్న గీత నిండుతూ ఉంటే, కుర్చీలున్నా ఎవరూ కూర్చోలేదు. నిండాక, మొదటి వరదలో ఆరబెట్టిన రిజిస్టరు చెక్కుచెదరకుండా తెర మీద నిలబడింది.

మూడు వాల్వుల కొలతలూ చేతి మీద రాసుకుని ఫిట్టరు బురదలోకి దిగాడు. నాలుగింటికి ఫోను మోగింది.

"అక్కా, మూడూ మూశాం. ట్యాంకుకు చుక్క బురద ఎక్కలేదు. వంతెన పక్కది పద్దెనిమిది చుట్లే."

అప్పుడు మేడమ్ గారు కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రమే ఇంజినీరు గారు కాగితం అంటించిన వారెవరో లిఖితపూర్వకంగా తెలపమన్నారు. ఆవిడ నిలబడే రెండు వాక్యాలు రాసిచ్చారు. డిస్కుల భద్రత తన బాధ్యతనీ, లోపం తనదేననీ. ఒక డిస్కు ఎవరి గోటికి పాడైందో కూడా అందులో రాయలేదు. ఆ కాగితం కారణంగా ఆవిడకు రావలసిన పదోన్నతి రెండేళ్ళు వెనకబడింది. అదే రెండేళ్ళలో అటెండరు సర్వీసు పూర్తి చేసుకుని, పూలదండతో, ఏ మచ్చా లేకుండా ఇంటికి వెళ్ళాడు. ఫైలులో ఇప్పటికీ మేడమ్ గారి లోపమనే ఉంది. లోపం అటెండరుది. ఇన్నేళ్ళకు ఇది నలుగురూ చదివే చోట రాయగలిగినందుకు అతని గుండె మీది బరువు దిగింది.

అటుపిమ్మట మేడమ్ గారు విభాగాధిపతి స్థానానికి ఎదిగి, మొదటి సోమవారం పరీక్షను మన శాఖా కార్యాలయాలన్నింటిలోనూ నియమంగా ప్రవేశపెట్టి, ముప్ఫై మందికి పైగా సిబ్బందికి ఆ పని నేర్పారు. ఆవిడ ఇంకోసారి చూడకుండా వదిలినది ఈ కార్యాలయంలో ఏదీ లేదు, ఇంట్లోనూ లేదని వినికిడి. గ్యాసు కట్టేశారో లేదో ఇంకోసారి చూసి వచ్చేలోపు ఎన్ని బస్సులు పోయాయో భర్త గారే చెప్పాలి. ఇకపై ఆ బస్సులు పోయినా పరవాలేదు, తర్వాతిది ఎక్కవచ్చు. భర్త గారి బాగుపడిన మోకాలితో, కూతురి కబుర్లతో, ఏ ఫోను మోతకూ ఉలిక్కిపడనక్కరలేని తీరిక ఉదయాలతో, ఆరోగ్యం చెడకుండా, చూపు తగ్గకుండా, ఆవిడ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని, ఆవిడ కాపాడిన నీళ్ళు తాగుతున్న ప్రతి ఇంటి తరఫునా కోరుకుంటూ, ఆనాడు వాల్వులు మూసిన మర్నాటి ఉదయం సంగతి ఒక్కటి చెప్పి ముగించడం ఉచితం.

మర్నాడు అటెండరు అందరికంటే ముందు వచ్చాడు. మైదా జిగురు గిన్నె కడిగి, కిటికీలో బోర్లించాడు. తర్వాత ఇంజినీరు గారి గది ముందు నిలబడ్డాడు. మేడమ్ గారు మెట్లెక్కి వస్తూ చూశారు.

"అక్కడేం పని బాబాయ్?"

"చెప్పేద్దామనమ్మా."

"ఏం చెప్తారు? కాగితం నిన్ననే వెళ్ళిపోయింది. ఇలా రండి."

పై గదిలో ఆవిడ ఒక కొత్త లేపుడు డిస్కు తయారు చేసి, సంచిలోంచి నల్ల మార్కరు పెన్ను తీసి అతని చేతిలో పెట్టారు. "దీంతో రాస్తే చెరగదు, బరువూ ఉండదు. పేరు రాయండి. నా రాత నాకే అర్థం కాదు."

డిస్కు మీద రాయడం అతనికి అదే మొదలు. అయినా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఆవిడ ఆ డిస్కు పెట్టారు, కంప్యూటరు లేచింది. అటెండరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తలుపు వైపు నడిచాడు.

"ఆగండి బాబాయ్" అన్నారు మేడమ్ గారు. "ఇంకోసారి."

అతను వెనక్కి వచ్చి, ఈసారి తానే మీట నొక్కాడు.