ఇరవై గ్లాసుల కిటుకు

ఆసుపత్రి గేటు ఎదుటి టీకొట్టులో ఉన్నవి ఇరవై గ్లాసులే. కొట్టు నడిపే తల్లికి ఆ లెక్క నిద్రలోనూ తప్పదు. ఆమె కొడుకు ఆసుపత్రి కంప్యూటర్లు చూస్తాడు. మూడేళ్లయినా ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. పర్మనెంటు కావడం పెద్ద నర్సు మాట మీద ఉంది. ఆ పెద్ద నర్సే ఇవాళ బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఇక కొడుకు నోటికి తాళమెక్కడిది?

మొదలు చిన్నగానే పెట్టాడు. నిన్న పొద్దున రిపోర్టుల సర్వరు మొరాయిస్తే రెండు లైన్లు మార్చానన్నాడు. ఫోన్లో రిపోర్టు చూసుకోడానికి ఎవరొచ్చినా, మూడోవాడి చెవిన పడకుండా సర్వరు ముందుగా వాళ్లతో ఓ రహస్య ఒప్పందం చేసుకుంటుందట. ఒక్కొక్కరికీ కొంత మెమరీ కేటాయిస్తుందట. చూడ్డం అయిపోయి ఊరికే ఫోను పట్టుక్కూర్చున్నా ఆ మెమరీ వాళ్లదే. కొత్తగా వచ్చినవాళ్లకు చోటేదీ?

"అందుకని సిస్టరమ్మా, ఉలుకూపలుకూ లేనివాడి దగ్గర్నుంచి ఆ మెమరీ వెనక్కి లాగేశా, మళ్లీ నోరు విప్పితే మళ్లీ ఇస్తా. ఇందాక వచ్చినవాడే తిరిగొస్తే ఒప్పందం మొదట్నుంచీ ఎందుకు, పాత గుర్తు చాలు. ఆ గుర్తుకీ పది నిమిషాలే గడువు, లేకపోతే గుర్తులతోనే కొంప నిండిపోదూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సర్వరు లేచింది," అన్నాడు పక్కనే టీ తాగుతున్న అంబులెన్సు డ్రైవరు.

లేవడమేమిటి, పరుగందుకుందట. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా ఒకేసారి రిపోర్టులు చూసుకున్నా చెమట పట్టలేదట. సాయంత్రానికి మెమరీ ఎంత మిగిలిందంటే, దాచే చోటు లేక లిఫ్టులోకి వదిలాడట. ఎవరెక్కినా అడక్కుండానే వాళ్ల అంతస్తులో దించిందట.

"అక్కడా పట్టక తీగల వెంట పొంగి ముసలివాళ్ల వార్డులోకి పారింది. పెళ్లాం పేరు మరిచిపోయిన తాత చటుక్కున లేచి కూర్చుని, తన ఒకటో తరగతి హాజరుపట్టీ గడగడా అప్పజెప్పాడు. ఆవేళ బడి ఎగ్గొట్టినవాళ్లతో సహా."

"నాకో గుక్కెడు తేవాల్సింది తమ్ముడూ," అన్నాడు డ్రైవరు. "బండి తాళం ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు."

తల్లి పాలు కలియబెడుతూ వింటోంది. నిన్న పొద్దున ఇదే బెంచీ మీద, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా, "ఉద్యోగం పోయినట్టేనే అమ్మా," అన్నది ఈ నోరే.

ఇంత కిటుకు ఎలా తట్టిందని పెద్ద నర్సు అడిగింది.

"తపస్సు సిస్టరమ్మా. మూడేళ్ల తపస్సు."

అతని చేతిలో గ్లాసు ఖాళీ అయి అరగంటయింది. పక్కన ఆసుపత్రి వాచ్‌మన్ టీ కోసం నిలబడే ఉన్నాడు. తల్లి వచ్చి కొడుకు చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

"తాగేశావుగా, ఇటియ్యి. నువ్వు పట్టుక్కూర్చుంటే వచ్చినవాళ్లకి దేంట్లో పొయ్యను? కావాలంటే మళ్లీ ఇస్తా."

గ్లాసు కడిగింది. వాచ్‌మన్‌ని ఏమీ అడక్కుండానే, ఎప్పటిలాగే చక్కెర లేకుండా టీ పోసిచ్చింది.

పెద్ద నర్సు ఆ గ్లాసునీ, వాచ్‌మన్‌నీ, తల్లినీ చూసింది. చివరికి కొడుకు వైపు తిరిగింది.

"తపస్సు ఈ బెంచీ మీదేనా?"

డ్రైవరుకి పొలమారింది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్న పొద్దున, ఇక్కడే. అమ్మ గ్లాసులు తిప్పుతుంటే చూశాను," అన్నాడు మెల్లిగా.

"పైవాళ్లకి ఈ ముక్కే రాస్తాను," అని లేచింది పెద్ద నర్సు. "తాత సంగతి వదిలేస్తాలే. వచ్చేనెల నుంచి పర్మనెంటు."

తల్లి కొడుకు చేతిలో నిండు గ్లాసు పెట్టింది. అది ఖాళీ అయ్యాక కూడా, ఆ పూటకి, వెనక్కి అడగలేదు.