పాలు పొయ్యలే మామా

"నాయనమ్మా, చాయ్ సల్లారిపోతుంది. రోజు గ్లాసును గట్ల ఎండకు పట్టి ఏం చూస్తవ్?"

ఏం చూస్తనా? అడిగినవ్ గదా, కూసో. గా పీట ఇటు గుంజుకో. పెండ్లై మా ఇంటికొచ్చి మూడు నెలలాయె, ఇయ్యాల అడిగినవ్. నీ మొగడు, నా మనుమడే గదా, పుట్టినకాడికెల్లి చూస్తుండు, ఒక్కనాడన్న అడిగిండా? మొగోళ్ళకు గివేం పట్టయ్.

ఇది మా మామ అలవాటు బిడ్డా. నీ మొగనికి ముత్తాత అయితడు. గప్పుడు సిద్దిపేటల మా గల్లి గల్లంత మగ్గాలే. పొద్దు పొడిసిందంటె టకటక మొదలు. మామ గుంట మగ్గం మీద చీరెలు నేసెటోడు. అంచుల రంగులు కలుపుడంటె ఆయన తర్వాతనే ఎవలన్న. చెయ్యి ఎంత సక్కనిదో నోరు అంత కారం, మీ అత్తనడుగు... అగో, మీ అత్త ఏడ చూసింది, గప్పటికి ఆమె ఈ ఇంటికే రాలే. ఏదో అంటున్న నేను.

ఆయనకు చాయ్ లేంది బుక్క దిగకపోతుండె. పొద్దుగాల జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెడితె పక్కకు చాయ్. పగటీలి పప్పుచారు అన్నం తిన్నంక మల్ల చాయ్. పాలు మాత్రం వద్దు. పాలు పోస్తె రంగు సస్తది అనెటోడు. పొడి గూడ గాదు, ఆకు చాపత్త. నూలు అమ్మే సాయబు పట్నంకెల్లి తెచ్చిస్తుండె, పావలకు ఇంత పొట్లం. ఇప్పుడు పావల బిచ్చగాడు గూడ ముట్టడు. నీళ్ళు తెర్లంగనె గిన్నె దించాలె, ఆకు ఎయ్యాలె, మూత పెట్టాలె. ఎంత సేపు? తెగిన పోగులు నాలుగు అతికేంత సేపు, మా మామ లెక్క గదే. ఎక్కువైతె వగరు, తక్కువైతె ఉత్త నీళ్ళు. గాజు గ్లాసుల వడగట్టి ఇస్తె, తలుపుకాడికి పోయి, ఎండకు పట్టి చూసి, గప్పుడు తాగెటోడు.

ఒకనాడు గట్లనే చూసి, "పిల్లా, పాలెందుకు పోసినవ్?" అన్నడు. పొయ్యలే మామా అన్న. "కండ్ల ముంగట కనవడుతుంటె అబద్ధమా?" అని గ్లాసు కింద పెట్టి పోయిండు. నాకు సమజ్ కాలే. ఇంట్ల బర్రె లేదు, ఆవు లేదు, పాలేడికెల్లి తెస్త చెప్పు? తెల్లారి గదే లొల్లి. మూడోనాడు గదే. నా మొగడు మంచోడే, కని బాపుకు ఎదురు మాట్లాడడు. "జరంత పడ్డయేమో, యాది చేస్కో" అన్నడు నాతోని. ఎవలు పడితె వాళ్ళు అంటె పడుదును, ఆయన అనంగ మస్తు దుఃఖమొచ్చింది. మామ ఇగ నలుగుట్ల గూడ అన్నడు, మా కోడలికి అబద్ధాలు అలవాటని. కోడలికి ఒక్కసారి గా పేరు పడితె పోతదా బిడ్డా? ఉప్పు ఎక్కువైతె నేనే, నూలు చిక్కువడితె నేనే.

ఒకనాడు నాకు రోసమొచ్చింది. కుంపటి ఎత్తుకపోయి ఆయన మగ్గం ముంగటనే పెట్టిన. నీళ్ళు చూపిచ్చిన, ఆకు చూపిచ్చిన, గ్లాసు ఆయనతోనే కడిగిచ్చిన. మీరే పొయ్యుండ్రి మామా అన్న. పోసిండు. ఎండకు పట్టిండు. మొకం మాడింది, మల్ల పాలే కనవడ్డయి. ఒక గుటక తాగిండు. పాలు లేవు. నాలికేమో లేవంటుంది, కన్నేమో ఉన్నయంటుంది. ఆయెనక నూలు కండెల గంప గుంజుకొని, "వీటిల ఎరుపేది పిల్లా?" అన్నడు, మెల్లగ. ఎరుపు మీదనే ఉన్నది. నా కోపమంత ఏడవాయెనో! నేసెటోనికి కండ్లు పోతె ఇగ ఏమున్నది చెప్పు.

కండ్లకు పొర వచ్చిందన్నరు దవాఖానల. ఆపరేషన్ చేసిన్రు. ఇప్పటి లెక్క పొద్దున పోయి సాయంత్రం వచ్చుడు గాదు, వారం దినాలు కట్టు కట్టుకొని పండుకోవాలె. కట్టు ఇప్పేనాడు చాయ్ తెమ్మన్నడు. ఇంట్ల పెట్టి, గిన్నెకు గుడ్డ చుట్టి, నడుసుకుంటనే పోయిన. ఇప్పిన్రు. కండ్లద్దాలు ఇంక రాలే, మనుషులంత అలుక్కపోయినట్టు కనవడ్డరట. నా దిక్కు చూసి "ఎవలు?" అన్నడు. పోయినయి కండ్లు, ఇగ అయిపోయింది అనుకున్న. ఏం చెయ్యాలె, గ్లాసు చేతిల పెట్టిన. కిటికీల ఎండ పడుతుంది, అటు పట్టిండు.

ఏం చెప్పాలె బిడ్డా... నా మొకం గుర్తువట్టనోడు రంగు గుర్తువట్టిండు. "అబ్బ! ఏం ఎరుపే తల్లీ, ఏం ఎరుపు!" ఏడువద్దని డాక్టరు చెప్పిండు, ఆగితెనా? "దీంట్ల పాలు లేవు. ఎన్నడు లేవు. తప్పు నాది" అన్నడు, గా రూము రూమంత ఇనేటట్టు. అని గ్లాసు నాకిచ్చి, నువ్వు గూడ చూడు అన్నడు. అన్నేండ్లు చాయ్ పెట్టిన గని నేనెన్నడు చూడలే బిడ్డా, పెట్టుడు, కడుగుడే. గప్పుడు చూసిన. గంత నల్లటి ఎండుటాకుల గా ఎరుపు ఏడ దాసుకున్నదో! లోపల ఎవలో దీపం ముట్టిచ్చినట్టు ఉండె. ఇంత వయసొచ్చింది, ఇప్పటికి నాకు ఇచ్చంత్రమే. గా మంచం మీదనే నన్ను కూసోవెట్టి తాగిచ్చిండు. మామ ముంగట కోడలు నిలవడుడే తప్పు గా దినాలల్ల.

గప్పటికెల్లి నేను గూడ చూసే తాగుత. ఏది, పక్కకు పెట్టిన నా గ్లాసు ఇటియ్యి, మల్లొకసారి చూస్త...

నువ్వు ఇయ్యాల దీంట్ల పాలు పోసినవా?

పొయ్యలే?

ఊఁ... నేను నమ్ముత బిడ్డా. నువ్వు పొయ్యలేదంటె పొయ్యలేదు. నీ మొగనికి చెప్పు, రేపు ఆటో మాట్లాడమను, దవాఖానకు పోదాం. మొకం గట్ల పెట్టకు. నాకు కనవడకున్న ఎరుపు దాంట్లనే ఉంటది గదా. నువ్వు సల్లగుండు, నీ కండ్లు సల్లగుండ... తాగు, నీది గూడ సల్లారుతుంది. ఆగాగు, తాగకు. ఫస్టు ఎండకు పట్టి చూడు. ఎట్లున్నదో నాకు చెప్పు.